ఆఫ్రికా వృద్ధిరేటులు: సగటు చెప్పని సంగతులు

ఆఫ్రికా అభివృద్ధి బ్యాంకువారు ఆ ఖండమును ఉత్తర, పశ్చిమ, మధ్య, తూర్పు, దక్షిణ భాగములుగా విభజించి, ఏ భాగము నూటికెంత చొప్పున వృద్ధి చెందెనో ఏటేట ప్రకటించుచుందురు. గత దశాబ్దమున ఆ పట్టికలలో తూర్పుభాగము ముందువరుసను, దక్షిణభాగము తరచుగా కడపటను నిలుచుచు వచ్చినవి. ముందున్నవారు సమర్థులు, వెనుకబడినవారు అసమర్థులు అని తీర్పు చెప్పుట సులభము. ఋణములిచ్చువారును షరతులు నిర్ణయించునపుడు ఇట్టి యంకెలను లెక్కలోనికి దీసికొందురు. కోట్లాది ప్రజల బాగోగులు ఈ సాక్ష్యముపై నాధారపడియుండగా, దానిని పరీక్షింపకయే యంగీకరించుట న్యాయము కాదని మా యభిప్రాయము.

మొట్టమొదట, ఒక భాగపు సగటు అనగా నేమి? పశ్చిమభాగమున నైజీరియా యొక్కటియే తక్కిన దేశములన్నిటికంటె పెద్దది. 2014లో ప్రారంభమైన చమురుధర పతనము వలన 2016లో ఆ దేశపు ఉత్పత్తి నూటికి 1.6 వంతులు క్షీణించెను. ఆ సంవత్సరముననే ఐవరీకోస్టు, సెనెగలు దేశములు నూటికి 6 వంతులకు మించి వృద్ధి చెందినవి. కాని నైజీరియా బరువునకు పశ్చిమభాగపు సగటు క్రుంగిపోయినది. తూర్పుభాగమున సూడాను చేరియున్నది. 2023 ఏప్రిలున అచ్చట యుద్ధము చెలరేగి, కోటికి పైగా జనులు ఇల్లువాకిళ్లు విడిచి పోవలసివచ్చెను. ఆ యేడు తూర్పు సగటును పడిపోయినది. మరుసటి యేట మరల పైకి లేచినది. సగటు లేచినది గాని సూడాను లేవలేదు.

రెండవది, వృద్ధి యెచ్చటనుండి ప్రారంభమైనదను విషయము. లిబియాలో 2011 నాటి అంతర్యుద్ధమున ఉత్పత్తి సగమునకు పైగా కూలిపోయెను. 2012లో చమురుబావులు మరల పనిచేయగానే ఆ దేశపు వృద్ధిరేటు ప్రపంచమున మిక్కిలి హెచ్చైనవానిలో నొకటిగా గన్పట్టినది. పడినవాడు లేచి నిలుచుటను పందెమున గెలుపుగా నెన్నవచ్చునా? మరియు 2023లో దక్షిణాఫ్రికా తలసరి ఆదాయము ఇతియోపియా ఆదాయమునకు సుమారు 5 రెట్లుండెను. నూరు రూపాయలు గలవానికి నూటికి 9 చొప్పున పెరిగిన 9 రూపాయలు. 500 గలవానికి నూటికి 2 చొప్పున పెరిగినను 10 రూపాయలు. వేగము మొదటివానిది; అయినను ఆ యేటి కిరువురి నడిమి యెడము మరియొక రూపాయి పెరిగినదే గాని తరుగలేదు.

మూడవది తలల లెక్క. సహారాకు దక్షిణమున జనసంఖ్య యేటేట నూటికి సుమారు 2.5 చొప్పున పెరుగుచున్నది. ఉత్పత్తి నూటికి 3 వంతులు పెరిగినచో తలకు మిగులునది అరవంతు మాత్రమే. ఆ అరవంతైనను ఎవరి చేతికి జేరుచున్నది? మధ్యభాగమునందలి ఈక్వటోరియలు గినీలో చమురు మూలమున 1997లో ఒక్క యేటనే ఉత్పత్తి రెట్టింపునకు మించెను. అయినను సామాన్యుల కడగండ్లు తీరలేదు. పిదప చమురు తరుగగా ఉత్పత్తియు ఏండ్ల తరబడి క్షీణించినది. దాదాభాయి నౌరోజీగారు మన దేశపు దారిద్ర్యమును విచారించినపుడు తలసరి ఆదాయము సుమారు 20 రూపాయలని లెక్కకట్టి యూరకుండలేదు; ఆ సొమ్ము చెరసాలలోని ఖైదీకగు తిండిబట్టల వ్యయమునకైనను చాలదని నిరూపించిరి. ఆఫ్రికా సగటులకును ఆ కొలబద్దయే వలయును.

ఇక తూనికరాయియే మారుటయు గలదు. 2014 ఏప్రిలున నైజీరియా ప్రభుత్వము లెక్కల ఆధారసంవత్సరమును 1990 నుండి 2010కి మార్చగా, ఆ దేశపు ఉత్పత్తి కాగితముపై నూటికి 89 వంతులు హెచ్చి దక్షిణాఫ్రికాను మించిపోయెను. అంతమాత్రమున లేగోసు పేదవాడలలో ఒక్క దీపమైనను అదనముగా వెలిగియుండదు.

అట్లని అంకెలను పారవేయుడని మేము చెప్పము. సరిగా నడిగినచో అవి సరియైన సమాధానమే చెప్పును. చమురుధర పడినపుడు మధ్యభాగమును నైజీరియాయు కుంగగా, చమురు కొనుక్కొను ఇతియోపియా, కెన్యా, టాంజానియాలు ముందుకే సాగినవి. ఒక్క సరకునే నమ్ముకొనక వ్యవసాయము, రహదారులు, విద్యుచ్ఛక్తి, వర్తకము మొదలగు పెక్కు ఆధారములు గల్గియుండుటయే ఇందులకు ముఖ్యకారణము. ఇతియోపియా నీలినైలుపై నిర్మించిన మహాజలాశయమును 2025 సెప్టెంబరున ప్రారంభించినది. కాని ఆ దేశమే 2023 డిసెంబరున విదేశీ ఋణపత్రములపై వడ్డీ చెల్లింపలేకపోయెనను సంగతియు మరువరాదు. దక్షిణాఫ్రికాలోనన్ననో, 2023లో దాదాపు ప్రతిదినమును విద్యుత్తు కోతలే. పనిగోరువారిలో సుమారు మూడవవంతు నిరుద్యోగులు. గనులున్నంత మాత్రమున కర్మాగారములు నడువవు. వానికి విద్యుత్తును, రైళ్లును, రేవులును సక్రమముగా నుండవలయును.

ఈ యైదు భాగములకును సామాన్యమైన వ్యాధి యొకటి కలదు. ముడిసరకు నమ్ముకొని, తయారైన సరకు కొనుక్కొనుటయే యది. ప్రపంచపు కోకోలో సుమారు సగము ఐవరీకోస్టు, ఘనా దేశములలో పండుచుండగా, చాక్లెట్టు లాభములో హెచ్చుభాగము దూరదేశపు కర్మాగారములకు జేరుచున్నది. ఆఫ్రికా దేశములు తమలో తాము జరుపుకొను వర్తకము వారి మొత్తము వర్తకమున నూటికి సుమారు 15 వంతులు మాత్రమే. దీనిని చక్కదిద్దుటకే 2018 మార్చిలో కిగాలీ నగరమున ఖండాంతర్గత స్వేచ్ఛావాణిజ్యపు టొడంబడికపై సంతకములు జరిగినవి. 2021 జనవరి 1వ తేదీ నుండి దాని క్రింద వర్తకము ప్రారంభమైనది. ఒడంబడిక వ్రాసికొనుట యొకటి, సరిహద్దున బండి యాగకుండ సాగుట మరియొకటి. ఇంకను చేయవలసినదే యధికము.

కావున తూర్పు గెలిచెనా దక్షిణ మోడెనా యను ప్రశ్నను విడిచి, తూర్పున పండినది దక్షిణమునకును, దక్షిణమున తయారైనది పశ్చిమమునకును ఎంత సులువుగా జేరుచున్నదో విచారింపవలయును. అంతవరకు నూటికెంతయను పట్టిక ప్రకటితమైనప్పుడెల్ల, ఆ వృద్ధి యేస్థితినుండి మొదలైనదో, ఎందరికి పంచబడినదో, ఎవరి గాదెకు జేరినదో అడిగి గాని తీర్పు చెప్పరాదని మా పాఠకులకు మనవి.