కూర్చుని చేసే పనేగా!

డ్రైవరు ఎవరైనా నడుం నొప్పి అన్నాడంటే మొదట వినిపించే మాట ఒకటుంది. "కూర్చుని చేసే పనేగా, నొప్పి ఎందుకొస్తుందయ్యా?" బండి యజమాని అంటాడు, పక్కింటాయన అంటాడు, ఒక్కోసారి ఇంట్లోవాళ్ళూ అంటారు. బస్తాలు మోసే హమాలీకి నడుం పడితే అయ్యో అంటాం. నాట్లు వేసే ఆడమనిషి నడుం పట్టుకుని లేస్తే మనకూ నొప్పి తెలుస్తుంది. స్టీరింగు ముందు కూర్చున్నవాడికి మాత్రం ఆ పాటి జాలి కూడా దొరకదు. మన లెక్కలో కూర్చోవడమంటే విశ్రాంతి.

ఆ లెక్క తప్పని చెప్పడానికే ఈ వ్యాసం. డ్రైవరు కాళ్ళ నొప్పికీ నడుం నొప్పికీ తలరాతతో సంబంధం లేదు. సీటు, రోడ్డు, పని గంటలు కలిసి తెచ్చిపెట్టే నొప్పి అది. దాన్ని రానివ్వకుండా చూసుకోవడం సగం అతని చేతిలో ఉంది. మిగతా సగం బండి తయారుచేసేవాడి చేతిలో, బండి కొనేవాడి చేతిలో, బాడుగకు మాట్లాడుకునేవాడి చేతిలో ఉంది. ఆ మూడు రకాల మనుషులూ రేపు మన కాలేజీల నుంచే రాబోతున్నారు కాబట్టి ఈ సంచికలో రాయడం సబబనుకున్నాను.

నేను డాక్టరును కాను, యంత్రాల చదువు చదువుకున్నవాణ్ణి. కనుక యంత్రం భాషలోనే మొదలుపెడతాను.

మన వెన్నుపూసల మధ్య డిస్కులుంటాయి. రబ్బరు వాషర్లలాంటివి అనుకోండి. అయితే రబ్బరు వాషరుకు తిండి అక్కర్లేదు, డిస్కుకు కావాలి. పెద్దయ్యాక దాని లోపలికి రక్తనాళాలు ఉండవు, చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే పోషణతోనే బతకాలి. మనిషి కదులుతూ ఉంటే ఒత్తిడి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, నీరు లోపలికీ బయటికీ ఆడుతుంది. గంటల తరబడి ఒకే తీరున కూర్చుంటే ఆ ఆట ఆగిపోతుంది.

స్వీడన్ వైద్యుడు ఆల్ఫ్ నాకెమ్‌సన్ 1960లలో బతికున్న మనుషుల డిస్కులోకే సూది పెట్టి ఈ ఒత్తిడిని కొలిచాడు. నిలబడినప్పటి ఒత్తిడిని 100 అనుకుంటే, వెల్లకిలా పడుకున్నప్పుడు 25, దేనికీ ఆనుకోకుండా కూర్చున్నప్పుడు 140, కూర్చుని ముందుకు వంగినప్పుడు 185 అని తేలింది. 1999లో జర్మనీలో విల్కే అనే శాస్త్రజ్ఞుడి బృందం ఒక మనిషి మీద ఇదే పని మళ్ళీ చేసింది. ఒళ్ళు సడలించి కూర్చున్నప్పుడు ఒత్తిడి నిలబడినప్పటికంటే కాస్త తక్కువే కనిపించింది. ముందుకు వంగినప్పుడు మాత్రం అప్పుడూ పెరిగింది. ఈ రెండూ కలిపి చూస్తే, కూర్చోవడమే నేరం అనడానికి లేదు గానీ, వీపుకు ఆనుడు లేకుండా ముందుకు వంగి కూర్చోవడం మాత్రం ఖాయంగా నష్టమే. గోథెన్‌బర్గ్‌లో గున్నార్ ఆండర్సన్ 1970లలో చేసిన కొలతలు దీనికి మందు కూడా చెప్పాయి. సీటు వెనుక భాగాన్ని నిటారు నుంచి 110 డిగ్రీల దాకా వాల్చి, నడుం వంపు దగ్గర చిన్న ఆనుడు పెడితే డిస్కు మీద ఒత్తిడీ తగ్గుతుంది, వీపు కండరాల శ్రమా తగ్గుతుంది.

ఇక కుదుపు సంగతి. ఊయలను దాని ఊపుకు సరిగ్గా సరిపడేట్టు తోస్తే చిటికెన వేలితో కూడా ఆకాశానికి పంపవచ్చు. దీన్నే మనం క్లాసులో రెజొనెన్సు అని చదివి, పరీక్ష రాసి, మరిచిపోయాం. కూర్చున్న మనిషి మొండేనికి కూడా అలాంటి సొంత ఊపు ఉంది. సెకనుకు సుమారు 4 నుంచి 6 సార్లు. గతుకుల రోడ్డు మీద లారీ, బస్సు, ట్రాక్టరు ఇచ్చే కుదుపుల్లో చాలా భాగం ఈ మేరలోనే పడుతుంది. అంటే రోడ్డు మన వెన్నెముకను సరిగ్గా దాని తాళానికే తోస్తోందన్నమాట. మెత్తటి స్పాంజి సీటు వేస్తే తీరిపోతుందనుకుంటారు చాలామంది. మామూలు స్పాంజి సీటు సొంత ఊపు కూడా ఇంచుమించు ఆ దగ్గరలోనే ఉంటుంది. కుదుపును తగ్గించే బదులు ఒక్కోసారి పెంచి మరీ అందిస్తుంది! అందుకే మంచి ట్రాక్టర్లకూ లారీలకూ సీటు కిందే విడిగా స్ప్రింగు, డాంపరు పెడతారు. దాన్ని విలాసమని కొట్టిపారేసేవాడికి ఫిజిక్సు తెలియదనే అనుకోవాలి.

మన పెద్దల ఎద్దుబండ్లకు స్ప్రింగులు లేవు గదా అని ఎవరైనా అడగవచ్చు. లేవు. కాని బండిలో మందంగా గడ్డి పరుచుకునేవాళ్ళు. ఎగువ వస్తే దిగి ఎద్దుల పక్కన నడిచేవాళ్ళు. ఎద్దుకు విశ్రాంతి ఇచ్చిన చోటల్లా మనిషి నడుంకూ విశ్రాంతి దొరికేది. ఇంజనుకు అలుపు లేకపోవడంతో డ్రైవరుకు అది పోయింది.

కాళ్ళ విషయానికొద్దాం. పిక్క కండరం కాలి నెత్తురును పైకి తోసే పంపు. నడిస్తేనే అది పనిచేస్తుంది. యాక్సిలరేటరు మీద గంటల కొద్దీ ఒకే తీరున నిలిపిన కుడికాలికి ఆ పంపు దాదాపు ఆగినట్టే. కాళ్ళు పీకడం, పాదాలు వాయడం, తిమ్మిరెక్కడం అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో ఒక సంగతి వెల్లడించింది. కారులో గానీ, బస్సులో గానీ, విమానంలో గానీ 4 గంటలు, అంతకు మించి కదలకుండా ప్రయాణిస్తే సిరల్లో నెత్తురు గడ్డకట్టే ముప్పు సుమారు రెట్టింపవుతుందని. ముప్పు మొత్తం మీద చిన్నదే, ఆరువేల మందిలో ఒకరికి అన్నారు. కాని ఏడాదికో ప్రయాణం చేసేవాడి లెక్క వేరు, రోజూ అదే బతుకైనవాడి లెక్క వేరు. ఎడమకాలి కథ మరొకటి. ఇరవై కిలోమీటర్ల సిటీ రూటులో అరకిలోమీటరుకో స్టాపు ఉందనుకుందాం. నలభై స్టాపులు. ఒక్కో స్టాపుకు ఆగి, కదిలి, గేర్లు మార్చడానికి నాలుగుసార్లు క్లచ్చి తొక్కాలనుకుంటే ట్రిప్పుకు 160. రోజుకు ఎనిమిది ట్రిప్పులు వేస్తే 1,280. సిగ్నళ్ళు, ట్రాఫిక్కు వదిలేసి వేసిన కాకిలెక్క ఇది. కూర్చుని చేసే పనేనండీ! కాని ఒంటికాలితో 1,280 మెట్లెక్కే పని.

మరి డ్రైవరు చేతిలో ఉన్న సగం ఏమిటి? ముందుగా సీటు దూరం. క్లచ్చి పూర్తిగా నొక్కినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగి ఉండాలి. కాలు బిర్రుగా చాపాల్సి వస్తే దూరం ఎక్కువైనట్టు. మోకాళ్ళు తుంటి ఎత్తులోనో, రవ్వంత కిందో ఉండాలి. వీపు మొత్తం సీటుకు ఆనాలి. భుజాలు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచు మీద పడాలి. నడుం వంపు దగ్గర ఆనుడు లేని బండిలో భుజం మీద తువ్వాలు తీసి, చుట్టచుట్టి, బెల్టు దగ్గర పెట్టుకుంటే చాలు. వెయ్యి రూపాయల కుషను చేసే పని అది చేస్తుంది. వెనక జేబులో పర్సు తీసి పక్కన పెట్టాలి. ఒక పిర్ర ఎత్తుగా, ఒకటి పల్లంగా కూర్చుంటే తుంటి నరం నలుగుతుంది. పర్సు వల్ల వచ్చే ఈ నొప్పి గురించి 1978లోనే అమెరికా వైద్య పత్రికలో రాశారు.

అన్నిటికంటే ముఖ్యమైంది ఆగడం. రెండు గంటలకోసారి పావుగంట దిగి నడవాలి. టీ కొట్టు దగ్గర ఆపి, సీట్లోంచే చెయ్యి చాపి గ్లాసు అందుకుంటే దాన్ని ఆగడం అనరు! సిగ్నలు దగ్గర మడమలు నేలకు ఆనించి వేళ్ళు ఎత్తి దించుకోవచ్చు. చాలాసేపు నడిపి దిగిన వెంటనే బరువు ఎత్తకూడదు. కాసేపు నడిచి, వెన్ను కుదుటపడ్డాకే గ్యాసు బండయినా, బియ్యం బస్తా అయినా.

మోటారు సైకిలు మీద కాలేజీకి వచ్చే మిత్రులకు కూడా ఇది వర్తిస్తుంది. ఫ్యాషను కోసం హ్యాండిలు కిందికి దించుకుని, బరువైన సంచీ వీపుకు తగిలించుకుని, టైరులో గాలి రాయిలా కొట్టించుకుని రోజూ ముప్పై కిలోమీటర్లు వచ్చేవాడు ఇరవై ఏళ్ళకే నడుం పట్టుకుంటే ఆశ్చర్యమేముంది? సంచీ వెనక సీటుకు కట్టండి, గాలి కంపెనీ చెప్పినంతే కొట్టించండి.

నొప్పి వచ్చాక మంచం పట్టడం మరో దురభిప్రాయం. 1986లో అమెరికాలో రిచర్డ్ డెయో జరిపిన పరిశీలనలో ఏడు రోజులు పడుకున్నవాళ్ళకంటే రెండు రోజులే పడుకున్నవాళ్ళు ఏమీ తక్కువగా కోలుకోలేదు. పైగా పనిలోకి ముందే వెళ్ళారు. అయితే రెండు చోట్ల తాత్సారం పనికిరాదు. ఒకే పిక్క వాచి, వెచ్చగా ఉండి నొప్పి పెడితే మర్దనా చేయించకుండా ఆసుపత్రికి వెళ్ళాలి. నడుం నొప్పితో పాటు తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం పట్టు తప్పినా ఆ రోజే వెళ్ళాలి.

ఇంతవరకూ చెప్పింది డ్రైవరు బాధ్యత. ఇక్కడితో ఆపితే ఇది ఆరోగ్య శీర్షిక అవుతుంది. నా అసలు వాదం దీని తర్వాతదే.

సీటు జరగని బండిలో "సీటు సరిచేసుకో" అని సలహా ఇవ్వడం ఎగతాళి చేయడమే. పల్లెల్లో ఆటోవాలా చెరోపక్క ఒక ప్రయాణికుణ్ణి కూర్చోబెట్టుకుని, తాను అర సీటులో ఒంకరగా నడుపుతాడు. ఆశపోతు అంటాం మనం. డీజిలు ధర, కిస్తీ కట్టాల్సిన తేదీ మనకు తెలియవు. ట్రాక్టరు డ్రైవరు రోజంతా మెడ, నడుం తిప్పి వెనక నాగలిని చూస్తూ దున్నుతాడు. లారీ డ్రైవరుకు రెండు గంటలకోసారి ఆగమని చెబుతాం, సరుకు తెల్లారేసరికి చేరకపోతే బాడుగ కోస్తాం. ఎద్దు పుండు కాకికి ముద్దు అన్నది ఇలాంటి చోట పుట్టిన సామెతే.

1961లో చేసిన మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అంది. ఐదు గంటల పని దాటకముందే అరగంట విశ్రాంతి ఇవ్వాలంది. 2020లో దాన్ని కొత్త కోడ్‌లో కలిపేశారు. చట్టం పేరు మారింది, వెన్నెముక మారలేదు. యూరప్ దేశాలు 2002లో కుదుపుకు కూడా కొలత పెట్టాయి. ఎనిమిది గంటల సగటున 0.5 దాటితే యజమాని చర్య తీసుకోవాలి, 1.15 దాటనే కూడదు. ఈ అంకెలు సెకను వర్గానికి మీటర్లలో. అంటే అక్కడ డ్రైవరు నడుం నొప్పి కొలవదగిన వస్తువు, యజమాని జవాబు చెప్పాల్సిన వస్తువు. మన దగ్గర అదింకా అతని "ఒంటి తత్వం"గానే చెలామణీ అవుతోంది.

మంచి సీటుకు ఖర్చవుతుందంటారు. నిజమే. కాని నడుం మంట పెడుతుంటే మనిషి దృష్టి రోడ్డు మీద ఎంతసేపు నిలుస్తుంది? బ్రేకు తొక్కాల్సిన కాలికి తిమ్మిరెక్కితే? బస్సులో యాభైమందిమి ఆ ఒక్క నడుం మీద ఆనుకుని నిద్రపోతున్నాం. టైర్లకూ ఇన్సూరెన్సుకూ పెట్టిన ఖర్చు ఖర్చనిపించదు గానీ, డ్రైవరు సీటు దగ్గరకొచ్చేసరికి మనకు పొదుపు గుర్తొస్తుంది.

మిత్రులారా, ఉపన్యాసం చాలు. మన సంఘం చేయగల పనులు మూడున్నాయి. ఒకటి, మన చేతుల్లో ఉన్న ఫోన్లలోనే కుదుపును కొలిచే పరికరం ఉంది. ఫిజిక్సు, మెకానికల్ విద్యార్థులు కలిసి మన కాలేజీ బస్సుల డ్రైవరు సీట్ల మీద దాన్ని పెట్టి కొలవండి. శాస్త్రీయ పరికరమంత కచ్చితంగా రాకపోవచ్చు, ఏ సీటు అధ్వాన్నమో తెలియడానికి చాలు. రెండు, ఆ కాగితం పట్టుకుని ప్రిన్సిపాలుగారి దగ్గరకు వెళ్ళి ముందుగా ఆ సీటు మార్పించండి. మూడోది మన సంగతి. విహారయాత్రకు బస్సు మాట్లాడుకునేటప్పుడు రాత్రి ప్రయాణానికి రెండో డ్రైవరు, రెండు గంటలకో పావుగంట, మనం లాడ్జిలో దిగినచోట వాళ్ళకూ ఒక గది అని కాగితం మీద రాయించండి. పగలంతా మనం చూడాల్సినవి చూసి, రాత్రంతా ఆయన చేత నడిపించి, పడుకోవడానికి ఆయనకు బస్సు సీట్లే చూపించే యాత్రలు మన కాలేజీ పేరుతో ఇక జరగకూడదు. తలకు వంద రూపాయలు ఎక్కువవుతాయేమో. ఆ వంద ఇవ్వలేనివాళ్ళం ఒక ఊరు తగ్గించుకుందాం.