నడచువాని వెనుక నడచు చుక్క

పట్టణములలో ఇండ్లు వెదకుకొనుచు నడచువారి చేతిలో నేడొక వెలుగుపలక కానవచ్చుచున్నది. ఆ పలకపై నీలిచుక్క యొకటి. నడచువాడు మలుపు తిరిగినను చుక్క తిరుగదు. ఇరువది అడుగులు పోయి అతడు నిలిచి చూచును. చుక్క వెనుకటి సందు మొగనే యుండును. సంశయించి వెనుకకు మరలును. అంతలో చుక్క ముందుకు దుముకును. విజయవాడ వన్‌టౌను సందులలో గాని, హైదరాబాదు పాతబస్తీ గల్లీలలో గాని సాయంకాలము కొంతసేపు నిలిచి చూచిన యెడల ఈ నాటకము ఎవరికైనను కంటబడగలదు. మేమును ఇందు పాత్రధారులమైతిమి. గత మాసమున ఒక మిత్రుని యింటికి పోవుచు ఒకే వీధిని ముమ్మారు త్రొక్కితిమి. తుదకు దారి చెప్పినది వీధి చివర బజ్జీలు వేయుచున్న ముదుసలి.

మరునాడు ఆ ఫోనును అంగడికి గొనిపోగా, అంగడివాడు దానిని విప్పి చూడకయే "పాతబడినదండీ, క్రొత్తది తీసికొనుడు" అనెను. నాడి చూడకుండ మందు అమ్మునట్టి ఈ మాటయే మమ్ము ఈ వ్యాసమునకు పురికొల్పినది. ఫోను పాడుకాలేదు. ఆకాశమున తిరుగు ఉపగ్రహములును తమ పని తాము చేయుచునేయున్నవి. మరి చుక్క ఏల వెనుకబడుచున్నది?

ముందు లెక్క చూతము. అమెరికావారి జీపీఎస్ ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. స్థానము తెలియుటకు నాలుగు ఉపగ్రహముల సంకేతములైనను ఫోనుకు అందవలెను. మీద ఆకాశము బయలుగా నున్నచోట సాధారణపు ఫోను చూపు స్థానములో దాదాపు 5 మీటర్ల తప్పు ఉండును. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు ఒక సెకనులో 16 మీటర్లు దాటును. ఆ తప్పు దానికి లెక్కలోనిది కాదు. నడచువాడు సెకనుకు మీటరు, మీటరుంబావు మాత్రమే పోవును. అతడు నాలుగు సెకనులు నడచిన దూరమంతయు ఆ తప్పులోనే మునిగిపోవును. ఇతడు నిజముగా కదలెనా, సంకేతమే తొట్రుపడెనా యని యంత్రమునకు తోచదు. నిలుచున్న మనిషి చుక్క ఊరక వణకుచుండుట చూచువారికి వింతగా నుండునని, వేగము తక్కువగా నున్నప్పుడు చుక్కను కదల్పకుండ పట్టియుంచుటయో, పెక్కు కొలతలను కలిపి సగటు తీయుటయో పలు యంత్రములలో ఆచారమైనది. కారువానికి ఇది సదుపాయము. పాదచారికి సంకెల.

దీనికి తోడు సందుల సంగతి. ఇరువైపుల మూడంతస్తుల మేడలున్న పదడుగుల సందులో నిలిచి తల యెత్తి చూడుడు. ఆకాశము ఒక చీరపేటువలె కనబడును. ఉపగ్రహములు పెక్కు మేడల చాటునకు పోవును. మిగిలినవాని సంకేతములు గోడలకు తగిలి, వంకరదారిని, ఆలస్యముగా ఫోను చేరును. ఆ యాలస్యమును యంత్రము దూరముగా లెక్కించి మనలను ప్రక్క వీధిలో నిలబెట్టును. మన శరీరమును తక్కువ యడ్డము గాదు. జేబులోనో, చంకసంచిలోనో ఉన్న ఫోనుకు సగము ఆకాశము మరుగైనట్లే.

మరియొక కారణము కలదు. ప్రతి ఉపగ్రహమును తాను ఎచ్చట నున్నదో తెలుపు వివరమును సెకనుకు 50 బిట్ల చొప్పున మిక్కిలి మెల్లగా పంపును. ఆ వివరమును ఒకమారు పూర్తిగా అందుకొనుటకు దాదాపు 30 సెకనులు ఎడతెగక వినవలెను. నడచుచు నడచుచు నడుమ గోడ యడ్డము వచ్చినచో ఆ వినికిడి తెగి, మరల మొదటికి వచ్చును. ఫోనులో ఇంటర్నెట్టు ఉన్నప్పుడు ఈ వివరము ఆ దారిని క్షణములో వచ్చును. కావున సిగ్నలు లేని గ్రామములో, డేటా ముగిసిన దినమున, చుక్క మరింత బద్ధకించుట సహజము.

ఇవి ప్రకృతి వలని చిక్కులు. మనుష్యులు తెచ్చిపెట్టినవి వేరు. బ్యాటరీ మిగుల్చు ఏర్పాటు పెట్టిన ఫోను, తెర ఆరగానే స్థానము చూచుటను తగ్గించును, లేదా మానును. 2017లో వచ్చిన ఆండ్రాయిడ్ 8 నాటినుండి, తెర వెనుకనున్న యాపునకు గంటకు కొలదిమారులు మాత్రమే స్థానము తెలియజేయుట నియమమైనది. 2020లో ఐఫోనులలోను, 2021లో ఆండ్రాయిడులోను, ఖచ్చితమైన స్థానము ఈయకుండ ఉజ్జాయింపు స్థానము మాత్రమే యిచ్చు మీట యొకటి ప్రవేశపెట్టిరి. ప్రజల గుట్టు కాపాడు నీ ఏర్పాటులను మేము నిందింపము, అవి కావలసినవే. కాని మీట ఎచ్చట నున్నదో, దానిని ఎటు త్రిప్పిన ఏమగునో మన పాఠకులలో ఎందరికి తెలియును? ఫోనులోని తెలుగు అను పేరిట దొరకు మాటలు చదివి గ్రహించుటకంటె ఆంగ్లమునే యూహించుకొనుట సులభముగా నున్నది. కోట్లమంది తెలుగువారికి ఫోనులు అమ్మువారు వారికి తెలియు తెలుగులో నాలుగు వాక్యములు వ్రాయించలేరా?

వారు వ్రాయువరకు మేము చెప్పెదము. దారి చూపు యాపును బ్యాటరీ సేవర్ కట్టునుండి విడిపింపవలెను. దానికి ఖచ్చితమైన స్థానము చూచు అనుమతి యీయవలెను. బయలుదేరుటకు ముందే, సందులో చొరబడకుండ, కూడలిలోనో మేడపైననో ఒకటి రెండు నిమిషములు ఫోనును ఆకాశమునకు చూపి నిలువవలెను. ఊరి పటమును ఇంటివద్దనే దింపుకొనవలెను. యాపులో కారుదారి గాక నడకదారి ఎంచుకొనవలెను. బాణపు గుర్తు తప్పు దిక్కు చూపుచున్న యెడల ఫోనును గాలిలో ఎనిమిది అంకెవలె పలుమారులు త్రిప్పిన అందలి దిక్సూచి కుదుటబడును. ఇన్నియు చేసినను చుక్క కదలనప్పుడు గాని క్రొత్తఫోను మాట తలపెట్టరాదు. మా మట్టుకు మాకు మొదటి రెండింటితోనే సగము బాధ తీరినది.

ఐనను మిగిలిన సగము ఉన్నది. దానికి మందు ఆకాశమున గాక కాళ్లయందే దొరకునని మా విశ్వాసము. 1865లో కుమావూను కొండలకు చెందిన నయన్‌సింగ్ రావత్ అను ఉపాధ్యాయుడు మారువేషమున టిబెట్టులో ప్రవేశించి, 1866 జనవరిలో లాసా చేరెను. సమానమైన అడుగులు వేయుట అతడు డెహరాడూనులో అభ్యసించి యుండెను. అతని చేతి జపమాలలో 108 పూసలకు మారు 100 పూసలే. నూరడుగులకు ఒక పూస జరుపును; మాల తిరిగిన పదివేల అడుగులు. ఆ కొలతలు ఆంగ్లప్రభుత్వపు పటమునకు ఉపయోగపడినవన్న విచారము మనకు ఉండనే యున్నది గాని, విద్య మనవాని కాళ్లది. నేటి స్మార్టుఫోనులలో పెక్కింట అడుగులెన్ను సూక్ష్మయంత్రము కలదు. ఆరోగ్యము పేరిట దినమునకు ఇన్ని వేల అడుగులని మనలను మెచ్చుకొనుచునేయున్నది. ఆ లెక్కను దిక్సూచితో జతపరచి, ఉపగ్రహము మాటుపడిన నిమిషములో చుక్కను అడుగు ప్రకారము జరుపవచ్చును. కొందరు ఇందుకు పూనుకొనియేయున్నారు. నడకదారి చూపు ప్రతి యాపును దీనిని తప్పనిసరి ధర్మముగా ఎంచవలెను.

ఇక స్వదేశపు మాట. 2000 మే వరకు అమెరికావారు సామాన్యులకిచ్చు సంకేతమును బుద్ధిపూర్వకముగా చెరిచి, నూరు మీటర్ల తప్పుతో పంపుచుండిరి. పరుల గడియారము ననుసరించి నడచువాడు పరుల దయపై నడచునని తెలియుటకు ఇంతకంటె నిదర్శన మక్కరలేదు. మన నావిక్ వరుసలోని మొదటి ఉపగ్రహము 2013 జులై 1న మన శ్రీహరికోటనుండియే ఎగసెను. ఈ ఉపగ్రహములు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఎల్లప్పుడు మన ప్రాంతమునే చూచుచుండును. ఇవి పంపు ఎల్5 సంకేతము గోడల ప్రతిధ్వనిని వేరుపరచుటలో పాత సంకేతముకంటె మేలైనది. సందులలో నడచువానికి ఇంతకంటె కావలసినదేమి? కాని ఆ తొలి ఉపగ్రహములో విదేశమునుండి తెచ్చిన అణుగడియారములు మూడును చెడిపోయినవి. సెకనులో పదిలక్షల వంతు తప్పిన 300 మీటర్ల తప్పు వచ్చు చోట గడియారము లేని ఉపగ్రహము ఎందులకు? 2017లో బదులు పంపినది కవచము విడిపడక నిష్ఫలమైనది. 2023 మే 29న మనవారు చేసిన రుబీడియము గడియారముతో ఎన్‌వీఎస్-01 పోయినది, మేము ఉప్పొంగితిమి. 2025 జనవరి 29న పోయిన ఎన్‌వీఎస్-02 తగిన కక్ష్య చేరలేదు. ఆ సంవత్సరమే ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపిన లెక్కలో, పంపిన పదునొకండింట స్థాననిర్ణయ సేవ చేయుచున్నవి నాలుగు. శాస్త్రజ్ఞుల శ్రమను తక్కువచేయుట మా యుద్దేశము గాదు. ప్రయోగపు దినమున చప్పట్లు కొట్టి, పిమ్మట పదేండ్లు అడుగకుండ నూరకుండు ప్రజలలో మేమును ఒకరమని ఒప్పుకొనుచున్నాము.

ఇది యంతయు దారి తప్పిన షికారుగాండ్ర ఇబ్బందియే యైన ఇంత వ్రాయము. నాగపూరు, చండీగఢ్ మొదలగు నగరములలో వీధులూడ్చు కార్మికుల ముంజేతికి స్థానము తెలుపు గడియారములు కట్టిరి. ఎవరు ఏ వీధిలో ఎంతసేపు ఉన్నది ఆ చుక్కయే సాక్ష్యము చెప్పును. వెడల్పు రోడ్డుపై కారులో తిరుగు అధికారి చుక్క చక్కగా పరుగెత్తును. ఇరుకు సందులో చీపురు పట్టి మెల్లగా జరుగు మనిషి చుక్క నిలిచిపోవును, ప్రక్క వీధికి దాటును. ఆమె కష్టించి పనిచేయుచున్న గంటయే యంత్రమునకు ఆమె అచ్చట లేని గంటగా తోచవచ్చును. అట్టి సాక్ష్యముపై ఒక దినపు కూలి కోయదలచు పురపాలకాధికారి ఎవడైన నుండెనేని, ముందు ఆ గడియారమునే తన చేతికి కట్టుకొని, ఆ సందులలోనే, తెల్లవారుజామున, ఆమె నడచునంత మెల్లగా నడచి, సాయంకాలము కచేరీలో తన చుక్క ఎచ్చటెచ్చట తిరిగినట్లు నమోదైనదో చూచుకొని, పిమ్మట కూలి మాట ఎత్తవలెను.