యూరియా గ్రీన్ అయినా కంది వేరును మరవొద్దు

నీళ్ల నుంచి చవకగా హైడ్రోజన్ తీసి గ్రీన్ యూరియా చేస్తారట, ఇక కంది, శనగ మీద ఆధారపడటం ఎందుకని మా జహీరాబాద్ దిక్కు కొందరు అడుగుతున్నారు. నా అభిప్రాయం చెప్తాను.

యూరియాకు అమ్మోనియా కావాలి, అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి. రామగుండం ఫ్యాక్టరీలో అది సహజవాయువు నుంచి వస్తుంది. కరెంటుతో నీళ్ల నుంచి తీయడానికి ప్లాటినం బాగా పనిచేస్తుంది, కానీ చాలా ఖరీదు. అందుకే శాస్త్రవేత్తలు చవక లోహాలను ముందు కంప్యూటర్‌లో లెక్కగడతారు. హైడ్రోజన్ లోహానికి మరీ గట్టిగా అంటొద్దు, మరీ వదులుగానూ ఉండొద్దు. 2005లో డెన్మార్క్ శాస్త్రవేత్తలు ఇలాగే మాలిబ్డినం సల్ఫైడ్ పనికొస్తుందని తేల్చారు, ప్రయోగంలోనూ చూపించారు. వాళ్లకు దారి చూపింది నైట్రోజినేజ్ అనే ఎంజైమ్. అందులో ఇనుము, మాలిబ్డినం, గంధకం ఉంటాయి. మన కంది వేరు బుడిపెల్లోని బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టేది దీనితోనే!

ఆ పరిశోధన జరగాల్సిందే. ఫ్యాక్టరీ కాలుష్యం తగ్గుతుంది. కానీ ఎట్లా తయారైనా చేలో పడ్డాక యూరియా యూరియానే. అది ఎక్కువైతే బుడిపెలు తగ్గుతాయి. గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కు కేంద్రం 2023లో 19,744 కోట్లు ఆమోదించింది. మరి జొన్నలో కంది వేసి నేలకు నత్రజని ఇచ్చే మెట్ట రైతుకు కూడా లెక్కగట్టి ప్రోత్సాహం ఇవ్వాలి కదా?

వీడియోలో చూపించినట్టు నెల దాటిన కంది మొక్కను పీకకుండా మట్టితో సహా తవ్వి, బుడిపె కోసి చూడండి. లోపల ఎర్రగా ఉంటే మీ ఫ్యాక్టరీ నడుస్తున్నట్టే.