విసరడం కూడా నేర్వవలసిన విద్యే

బంతిని దూరంగా విసరడానికి చేతిలో బలముంటే చాలునని మీలో చాలామంది అనుకుంటారు. "ఆడపిల్లలకు విసరడం రాదు" అని ఇంకొందరు తేల్చేస్తారు. ఈ రెండు మాటలూ సైన్సు ముందు నిలవవు.

బండివాడి చెర్నాకోలను గమనించండి. పిడి కొద్దిగా కదిలితే చాలు, కొస ఛెళ్ళుమంటుంది. విసిరేటప్పుడు మన శరీరమూ అలాంటిదే. కుడిచేతివాటం వారు ఎడమభుజం గురివైపు ఉండేలా పక్కకు తిరిగి నిలబడాలి. ఎడమపాదాన్ని గురివైపు ముందుకు వేయాలి. ముందు నడుము తిరగాలి, తరువాత ఛాతీ, ఆ తరువాత భుజం, మోచెయ్యి, చివరికి మణికట్టు. మోచెయ్యి భుజానికి కిందుగా జారకూడదు. నడుము, ఛాతీ ముందుకు తిరుగుతుండగా చెయ్యి కాస్త వెనకబడుతుంది. అప్పుడు భుజంలోని స్నాయువులు ఉండేలు రబ్బరులా సాగి శక్తిని దాచుకుంటాయి. ఈ సంగతిని నీల్ రోచ్, ఆయన సహచరులు 2013లో 'నేచర్' పత్రికలో వివరించారు. చింపాంజీకి కండబలం ఎక్కువే. అయినా బాగా సాధన చేసిన బడిపిల్లవాడంత వేగంగా అది విసరలేదు.

బంతి వదిలాక చేతిని టక్కున ఆపకండి. అది ఒంటికి అడ్డంగా కిందికి సాగిపోవాలి. క్రికెట్‌లో క్యాచ్ పట్టేవాడు చేతులు వెనక్కి లాక్కోవడం ఎందుకో పాఠంలో చదివారు కదా! ఆగడానికి పట్టే కాలం పెరిగితే బలం తగ్గుతుంది. ఇక్కడా అదే సూత్రం.

మీ వయసులో ఎముకల చివర్లు ఇంకా మృదులాస్థితో పెరుగుతూనే ఉంటాయి. కాళ్ళూ నడుమూ చేయవలసిన పనిని మోచేతి మీద వేసి, రోజూ అదేపనిగా విసిరితే అవి దెబ్బతింటాయి. అందుకే అమెరికాలోని లిటిల్ లీగ్ బేస్‌బాల్ 2007 నుంచి పిచ్చర్లు రోజుకు వేసే బంతులకు పరిమితి పెట్టింది. 11, 12 ఏళ్ళవారికి అది 85. నొప్పి పుడితే ఓర్చుకోవడం వీరత్వం కాదు. వెంటనే ఆపేయండి.

ఇక ఆడపిల్లల సంగతి. ఎగతాళి చేసే అబ్బాయిని తన వాటం కాని చేత్తో విసరమనండి. పాదం కదలదు, నడుము తిరగదు, మోచెయ్యి జారిపోతుంది. అంటే లోపం పుట్టుకలో లేదు, సాధనలో ఉంది. మన చోడవరం చుట్టుపక్కల కనిపించే చెరకు గడలనే మీరట్ జిల్లా రైతుబిడ్డ అన్ను రాణి మొదట్లో ఈటెలుగా విసిరి సాధన చేశారు. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో 62.92 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచారు.

క్రికెట్, బేస్‌బాల్ ఫీల్డర్లకే కాదు, సాఫ్ట్‌బాల్ ఫీల్డర్లకూ ఈ పద్ధతి అవసరం. అందుకే నా అభిప్రాయం ఇది: డ్రిల్లు మాస్టారూ, సైన్సు మాస్టారూ కలిసి విసరడాన్ని ఒక పాఠంగా చెప్పాలి. బంతి అబ్బాయిలకు ఎంతసేపు అందుతుందో అమ్మాయిలకూ అంతసేపు అందాలి. పరీక్షలో రాదని దీన్ని వదిలేయడం తగదు. యాంత్రిక శక్తికి ఇంతకన్నా చవకైన ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

ఈ వారమే చేసి చూడండి. ఒకే బంతిని మోకాళ్ళ మీద కూర్చుని అయిదుసార్లు, పాదాలు కదపకుండా నిలబడి అయిదుసార్లు, అడుగు ముందుకు వేసి అయిదుసార్లు విసరండి. దూరాలు కొలిచి సగటు కట్టండి. మీ చేతికి కాళ్ళూ నడుమూ ఎంత సాయం చేస్తున్నాయో ఆ అంకెలే చెబుతాయి.