నోటుపుస్తకం చూసి మోసపోకండి

మీ ఇంట్లో రెండో తరగతో మూడో తరగతో చదివే బిడ్డ ఉంటే, ఈ రాత్రి అన్నాలు తినేలోపు ఒక పని చేయండి. తెలుగు వాచకం పక్కన పెట్టేసి, బిడ్డ ఎన్నడూ చదవని కాగితం ఏదైనా చేతికివ్వండి. పెళ్లి శుభలేఖ, గోడ మీది క్యాలెండరు, ఏదైనా సరే. చదవమనండి. వేగం అక్కర్లేదు, తడబడినా ఫర్వాలేదు. నోరు విప్పకుండా మీ ముఖంలోకి చూస్తే మాత్రం వచ్చే పరీక్షల దాకా ఆగకండి. ఆ బిడ్డకు చదవడం రాలేదు. నోటుపుస్తకం నిండా గుండ్రటి అక్షరాలున్నా, పక్కనే ఎర్ర సిరా టిక్కులున్నా, రాలేదు.

ఇంత కటువుగా చెప్పడానికి కారణం ఉంది. ఒక బడిలో మూడో తరగతి పాప నోటుపుస్తకం చూశాను. చూచిరాత ముత్యాల్లా ఉంది. పాఠం చదవమంటే గడగడా చదివింది, వేలు కూడా వరుస వెంట నడిచింది. పేజీ మధ్యలో ఉన్న ‘చెట్టు’ అనే మాటను మిగిల్చి, చుట్టూ ఉన్నవి అట్టముక్కలతో కప్పి చూపించాను. పాప ఆగిపోయింది. పెదాలు కదుపుతూ పాఠం మొదటి నుంచి మనసులో చెప్పుకుంటూ వచ్చి, ఆ చోటికి చేరాక ‘చెట్టు’ అంది. అంటే పాఠమంతా చెవితో విని కంఠస్థం చేసింది. ఎంత తెలివైన పిల్లో ఆలోచించండి. ఆ తెలివంతా తనకు చదవడం రాదన్న సంగతి బయటపడకుండా చూసుకోవడానికే ఖర్చయిపోయింది.

ఇది ఆ ఒక్క పాప కథ కాదు. పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి పిల్లల చేత చదివించి చూసే అసర్ సర్వే లెక్కల్లో, దేశంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2022లో 16.3 శాతం, 2024లో 23.4 శాతం. పెరిగినందుకు సంతోషమే. కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు. 2021 జులైలో కేంద్రం నిపుణ్ భారత్ కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు, మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలని, అందుకు 2026-27 గడువని ప్రకటించింది. బిడ్డకు మాత్రం ఆ గడువుతో పనిలేదు. నాలుగో తరగతికి వెళ్లగానే పరిసరాల విజ్ఞానం, లెక్కల్లోని రాత ప్రశ్నలు అన్నీ చదవడం వచ్చిందనే నమ్మకంతో నడుస్తాయి. తరగతి పెరగకుండా ఎవరూ ఆపరు. ఫెయిలు చేయకపోవడం మంచిదే, నేను దాన్ని తప్పుపట్టను. అయితే అందరూ పాసే కనుక, చదవలేని పిల్ల ఎవరో ఎవరికీ కనిపించకుండా పోతోంది.

మన లిపిలో ఎక్కడ కాలు జారుతుందో పెద్దవాళ్లం మరిచిపోయాం. గుణింతం తీసుకోండి. క కా కి కీ కు కూ అని రాగం తీసి చెప్పించడం తరతరాల అలవాటు. అది మంచిదే, అక్కడితో ఆగిపోవడమే ప్రమాదం. ‘కూ’ ఒక్కటే రాసి చూపిస్తే, ‘క’ దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుచుకుంటూ ఆరో మెట్టు దగ్గరికొచ్చి జవాబు చెప్పే పిల్లలున్నారు. ఒక్క అక్షరానికి అంతసేపు పడితే, వాక్యం చివరికి చేరేసరికి మొదలు గుర్తుండదు. ఇక అర్థం ఎక్కడిది?

ఒత్తులు ఇంకా పెద్ద చిక్కు. ‘చెట్టు’లో కొమ్ము పైనున్న ‘ట’కు తగులుతుంది, ఒత్తు కింద కూర్చుంటుంది. కంటికి ముందు కొమ్ము కనిపిస్తుంది, తర్వాత ఒత్తు. నోటికేమో రెండు ‘ట’లూ పలికాకే ఉకారం వస్తుంది. కన్ను నడిచే వరుస వేరు, నాలుక నడిచే వరుస వేరు. ‘టకు కొమ్మిస్తే టు, టు కింద ట ఒత్తిస్తే ట్టు’ అని వల్లె వేయిస్తే రాయడం తెలుస్తుంది. చదవడం రావాలంటే ‘చెట్’ దగ్గర ఒక చప్పట, ‘టు’ దగ్గర ఒక చప్పట కొట్టించి, ఆ విరుపు చెవికి తెలిసేలా చేయాలి. ఇంకో సంగతి చూడండి. అమ్మ, అక్క, అన్న, అత్త, అవ్వ, తమ్ముడు, చెల్లి... బిడ్డ నోట మొదట పలికే పిలుపుల్లో చాలావాటిలో ద్విత్వాలే. ‘అ’ అంటే ‘అమ్మ’ అని బడిలో మొదటిరోజే చెబుతాం. ఆ అమ్మలోని ‘మ్మ’ నేర్పడానికి మాత్రం నెలల తరబడి ఆగుతాం. ఎందుకు ఆగాలో నాకు అర్థం కాదు. ఇంటి పిలుపులతోనే ద్విత్వాలు నేర్పండి. భక్తి, పద్మ, వస్త్రం లాంటివి తర్వాత రావచ్చు.

తప్పు రాసిన మాటను వందసార్లు రాయించే పద్ధతి ఈరోజే మానేయండి. పదిసార్లు దాటాక పిల్లలు ఏం చేస్తారో గమనించారా? పైనుంచి కిందికి వరుసగా ‘చె’లన్నీ రాసేసి, మళ్లీ పైకొచ్చి ‘ట్టు’లన్నీ రాస్తారు. అప్పటికి వాళ్ల ముందు మాటే లేదు, రెండు ముక్కలున్నాయి. దానికి బదులు బడి, బండి, బడ్డీ అని మూడూ పక్కపక్కన రాసి పలికించండి. గడి, గడ్డి. మెడ, మేడ. సున్న పోతే మాట ఏమవుతుందో, దీర్ఘం పోతే ఏమవుతుందో బిడ్డకు నవ్వొస్తుంది, గుర్తుంటుంది.

తప్పులన్నీ ఒకటి కావు. ‘చెటు’ అని రాస్తే ఒత్తు రాలేదని అర్థం. ‘వచ్చిండు’ అని రాస్తే అది తప్పే కాదు, ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడే మాట. దాన్ని ఎర్ర సిరాతో కొట్టేస్తే ఆ గీత అమ్మ నోటి మీద పడుతుంది. ఇంట్లో ఇలా అంటాం, ఈ పుస్తకంలో ఇలా రాశారు అని రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తే చాలు. గిడుగు రామమూర్తి గారు వ్యావహారిక భాష కోసం జీవితమంతా పోరాడారు, సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించారు. ఆగస్టు 29న ఆయన పటానికి దండలేసి, మర్నాడు పిల్లల ఇంటిమాటను కొట్టేస్తున్నాం. గోండి, కోయ, సవర ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకైతే తెలుగు అక్షరంతోపాటు తెలుగు మాట కూడా కొత్తే. వాళ్లను మందమతులని ముద్ర వేయడం అన్యాయం.

వ్యాకరణం గురించి ఒక్క మాట. ‘అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, అందరూ వచ్చారు’ అని ఆరేళ్ల బిడ్డ ఎవరూ చెప్పకుండానే తప్పు లేకుండా అంటుంది. ‘నాకెందుకు’ అని సంధి కలిపి పెంకితనం చేస్తుంది. ఆ మాటనే విడదీసి ‘నాకు, ఎందుకు’ అని చూపిస్తే వ్యాకరణం మొదలైనట్టే. దానికి ఉత్వసంధి అనే పేరు పెద్ద తరగతుల్లో చెప్పుకోవచ్చు. విభక్తుల పట్టిక అప్పజెప్పి, ఒక్క ఉత్తరం రాయలేని పిల్లలు మనకు వద్దు.

అయ్యవార్లకూ పంతులమ్మలకూ చేతులు జోడించి చెబుతున్నాను. ఒక్కరే అయిదు తరగతులు చూసుకునే బడులున్నాయని తెలుసు. అయినా రోజుకు నలుగురైదుగురు పిల్లల్ని ఒక్కొక్కరిగా దగ్గర కూర్చోబెట్టుకుని, రెండేసి నిమిషాలు కొత్త పేజీ చదివించండి. వారంలో ఇరవై మందికి పైగా అవుతారు. అధికారులు ఆ పది నిమిషాలకు అడ్డురాకూడదు. గడియారం పెట్టి మాటలు లెక్కించేవారికి ఒక విన్నపం: నిమిషానికి 60 మాటలని నిపుణ్ లక్ష్యంలో ఉంది. మనకు ‘వెళ్లిపోతున్నప్పుడు’ అన్నది ఒక్క మాట. ఇంగ్లిష్‌లో దానికి మూడు నాలుగు మాటలవుతాయి. ఆ అంకెతో తెలుగు పిల్లల్ని తొందరపెడితే మళ్లీ కంఠస్థానికే దిగుతారు.

తమకే అక్షరాలు రాని తల్లిదండ్రులు ఈ పత్రిక చదవలేరు. మీ వీధిలో, మీ ఇంటికి పనికొచ్చేవారిలో అలాంటివారెవరో మీకు తెలుసు. వారి బిడ్డను కూడా ఈ రాత్రి పిలిచి ఆ క్యాలెండరు చదివించండి. ఏ అక్షరం దగ్గర ఆగిందో, ఏ ఒత్తు దగ్గర తడబడిందో ఒక చీటీ మీద రాయండి. తిట్టకండి, ఇంకో పిల్లతో పోల్చకండి. రేపు పొద్దున బిడ్డతోపాటు ఆ చీటీ కూడా బడికి వెళ్లాలి.