తలాక్ వేళ ఇంటికి వెల కట్టేదెవరు?

నరసరావుపేటలో గానీ, మాచర్ల, గురజాలల్లో గానీ తలాక్ పంచాయితీ జరిగితే మెహర్ గురించి, నగల గురించి గంటల తరబడి వాదించుకుంటాం. ఇంటి సంగతి వచ్చేసరికి మాత్రం అబ్బాయి తరఫువారు పాత దస్తావేజు తీసి అందులోని మొత్తం చూపిస్తారు. పెద్దలు అదే ధర అనుకొని లెక్క ముగిస్తారు.

దస్తావేజులో ఉండేది కొన్ననాటి విలువ. అది కూడా స్టాంపు ఖర్చుకు వెరచి చాలామంది ప్రభుత్వ విలువకే రాయించినది. తర్వాత కట్టిన గదులు, వేసిన స్లాబు అందులో ఉండవు. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట పల్నాడు జిల్లా కేంద్రమైంది. అంతకు ముందెప్పుడో రాసిన కాగితం ఈనాటి వీధి ధర ఎలా చెబుతుంది?

ఇక్కడొక అపోహ తొలగాలి. ఇంగ్లండులోలాగా విడాకుల సమయంలో దంపతుల ఆస్తిని పంచే చట్టం, గోవాను మినహాయిస్తే, మన దేశంలో లేదు. వెల కట్టినంత మాత్రాన భార్యకు సగం ఇల్లు రాదు. మరి వెల దేనికి? 1986 నాటి ముస్లిం మహిళల చట్టం 3వ సెక్షన్ ప్రకారం భర్త ఇద్దత్ లోపలే ఆమెకు న్యాయమైన ఏర్పాటు చేయాలి. ఎంత అన్నది ఆమె అవసరాలు, కాపురంలో గడిపిన జీవన స్థాయి, భర్త స్తోమత చూసి మేజిస్ట్రేటు నిర్ణయిస్తారు. ఆ ఏర్పాటు ఇద్దత్ మూడు నెలలకే కాదు, ఆపై బతుకుకు కూడా అని 2001లో డేనియల్ లతీఫీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 జులై 10న, తెలంగాణ నుంచి వెళ్లిన కేసులో, 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగే దారి కూడా ముస్లిం మహిళకు ఉందని తీర్పు ఇచ్చింది. మన ఊళ్లలో చాలామంది స్తోమతంతా ఇంటిలోనే ఉంటుంది. 20 లక్షల ఇంటిని 4 లక్షలని చూపితే స్తోమత కూడా అంతకే కుదించుకుపోతుంది.

పుట్టింటివారు ఇచ్చిన సొత్తు ఆమెకు తిరిగి ఇవ్వాలని కూడా అదే సెక్షన్ అంటుంది. గాజులమ్మి స్లాబు వేయించిన ఇల్లాళ్లు మనకు తెలియనివారా? అయితే నగలమ్మిన రసీదో, బ్యాంకు పుస్తకమో లేనిదే ఆ మాట నిలవడం కష్టం.

వెల కట్టించడానికి రిజిస్టర్డ్ వాల్యూయర్లు ఉన్నారు. స్థలానికి వేరుగా, కట్టడానికి వేరుగా లెక్క కడతారు. కట్టడం పాతబడేకొద్దీ విలువ తగ్గుతుంది, స్థలానికి ఆ తరుగు ఉండదు. ఇరుపక్షాలు ఒకే మనిషిని ఒప్పుకొని ఫీజు చెరిసగం భరిస్తే మేలు. బ్యాంకు బాకీ తీసివేయవలసిందే గానీ, ఆ అప్పు ఎప్పుడు చేశారో ఈ.సి.లో చూడాలి. తలాక్‌కు నెల ముందు పుట్టిన అప్పును మనం అనుమానించక తప్పదు.

ఈ.సి.లో కనబడనిది నోటిమాట హిబా. "ఇల్లు మా అమ్మకు ఎప్పుడో ఇచ్చేశాను" అనే భర్తలున్నారు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన హఫీజా బీబీ కేసులో, రిజిస్ట్రేషన్ లేకున్నా హిబా చెల్లుతుందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఇస్తున్నానని చెప్పడం, పుచ్చుకున్నవారు ఒప్పుకోవడం, స్వాధీనం చేయడం, మూడూ జరిగి ఉండాలి. ఇంటిపన్ను ఎవరు కట్టారు, అద్దె ఎవరు తీసుకున్నారు అని పెద్దలు అడగాలి.

ఇద్దత్ ముగిసేదాకా భార్యను ఇంటినుంచి వెళ్లగొట్టరాదని ఖురాన్‌లో తలాక్ సూరా ఆదేశం. మనమేమో ఆమెను మొదటిరోజే పుట్టింటికి పంపుతాం. ఆమె లేని ఇంట్లో కొలతలు తీస్తే, వెనక గది ఎవరి డబ్బుతో లేచిందో వాల్యూయరుకు చెప్పేవారు ఉండరు.