తాళం వేసిన తలుపు మీద ఎగ్జిట్ బోర్డు

ఏ బట్టల షోరూంకైనా వెళ్లండి. 'యాభై శాతం తగ్గింపు' అన్న అక్షరాలు మనిషెత్తున ఉంటాయి. ట్రయల్ రూం ఎటో, బిల్లు కౌంటర్ ఎటో బాణాలు వేసి మరీ చూపిస్తారు. నిప్పంటుకుంటే ఎటు పరుగెత్తాలో చెప్పే బోర్డు మాత్రం వెతుక్కోవాలి. దొరికినా దాని కింద తలుపుకు తాళం. తాళం లేకపోతే తలుపు వెనక మెట్ల నిండా అట్టపెట్టెలు, విరిగిన కుర్చీలు. నిర్లక్ష్యం అన్న మాట దీనికి చాలా చిన్నది. మెట్లదారిని గోడౌన్ చేసుకుంటే అద్దె కలిసొస్తుందని లెక్క చూసుకుని చేస్తున్న పని ఇది.

ఇలాంటి లెక్కలకు మనం చెల్లించిన ప్రాణాలు చూడండి. 2022 మార్చిలో సికింద్రాబాద్ బోయిగూడ తుక్కు గోడౌన్‌లో పొట్టకూటికి బీహార్ నుంచి వచ్చిన 11 మంది కూలీలు నిద్రలో ఉండగా రేగిన మంటలకు బలయ్యారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లోనే కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది. 2023 మార్చిలో స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఉద్యోగం కోసం ఊళ్ల నుంచి వచ్చిన 6 మంది యువతీ యువకులు. నవంబర్‌లో హైదరాబాద్ నాంపల్లి బజార్‌ఘాట్‌లో కనీసం 9 మంది. 2025 మేలో గుల్జార్ హౌజ్‌లో 17 మంది, వారిలో 8 మంది పసిపిల్లలు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారని సామెత. మనం అదీ చెయ్యం. వారం రోజులు తనిఖీల హడావుడి, ఎక్స్‌గ్రేషియా, 'షార్ట్ సర్క్యూట్' అని ఒక ముక్క. ఆ తర్వాత మళ్లీ అదే తాళం.

ఇలాంటి చోట్ల చాలామందిని చంపేది మంట కాదు, పొగ. మంటలు రేగితే కరెంటు పోవచ్చు, పొగ కమ్మితే రోజూ తిరిగే వరండా కూడా ఆనవాలు దొరకదు. మనిషి తెలియకుండానే తాను వచ్చిన దారికే పరుగెత్తుతాడు, లేదా లిఫ్ట్ బటన్ నొక్కుతాడు. ఆ రెండూ మృత్యుద్వారాలే కావచ్చు. అందుకే కరెంటు పోయినా కనిపించే బోర్డు కావాలి, 'మంటలప్పుడు లిఫ్ట్ వాడకండి' అని లిఫ్ట్ పక్కనే రాసి ఉండాలి. అదీ అక్కడ పనిచేసే వాళ్లు చదవగలిగే భాషలో ఉండాలి. ఊడ్చేవాళ్లకు, మూటలు మోసేవాళ్లకు రాని ఇంగ్లీషులో రాసి చేతులు దులుపుకుంటే ఎవరి కోసం రాసినట్టు?

ఈ ప్రశ్నకు జపాన్ ఒక జవాబు వెతికింది. 1972లో అక్కడి ఒసాకాలో ఒక డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనం తగలబడి 118 మంది చనిపోయారు. మరుసటి ఏడు కుమామోటోలో ఇంకో స్టోర్‌లో వంద మందికి పైగా పోయారు. ఆ దేశం సిగ్గుపడింది. చదువు రానివాడికీ అర్థమయ్యే గుర్తు కోసం జనం నుంచే నమూనాలు ఆహ్వానించింది. తలుపులోంచి పరుగెత్తే మనిషి బొమ్మ అలా వచ్చింది, ప్రపంచమంతా పాకింది. వాళ్లు చావుల నుంచి నేర్చుకున్న ఆ బొమ్మను మనం కొని, తాళం వేసిన తలుపు మీద అంటించుకున్నాం!

నిబంధనలు లేవా? ఉన్నాయి. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో ఒక భాగమంతా అగ్ని భద్రతకే కేటాయించారు. 15 మీటర్లు, ఆపై ఎత్తున్న వాణిజ్య భవనానికి అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) ఉండాలి. ఎన్‌ఓసీ కోసం బోర్డు వేలాడుతుంది, కాగితం చేతికి రాగానే దాని కిందికి సరుకు చేరుతుంది. అంతకన్నా పొట్టి భవనాల సంగతి అడిగేవాడే లేడు. ఏటా ఏప్రిల్ 14 నుంచి అగ్నిమాపక వారోత్సవాలు చేస్తాం. కరపత్రాలు పంచే ఆ వారంలో అధికారులు ఒక్కో కాంప్లెక్స్ వెనక తలుపు తోసి చూస్తే చాలదా?

వాళ్లు తొయ్యకపోతే మనమే తోద్దాం. ఈసారి షాపులోకి వెళ్లగానే ధర చీటీ కన్నా ముందు ఎగ్జిట్ బోర్డు వెతకండి. దాని కింది తలుపు తెరుచుకుంటుందో లేదో చూడండి. తెరుచుకోకపోతే మేనేజర్ని పిలిచి అందరికీ వినబడేలా అడగండి. జవాబు రాకపోతే ఏమీ కొనకుండా బయటికి వచ్చేయండి. శవాలు లేచినా గుర్తురాని తాళంచెవి, గల్లాపెట్టె ఖాళీ అయితే తప్పకుండా గుర్తొస్తుంది.